వడదెబ్బ మరణాలను ఎవరు లెక్కించాలి?

ప్రశ్న (ఖమ్మం జిల్లా పాఠకుడు)

మా మేనమామ 2023 మే నెలలో ఉపాధి హామీ కింద చెరువు పూడికతీతకు వెళ్ళి, పదకొండు గంటలకు ఇంటికి వచ్చి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీళ్ళు ఇస్తే చెంబు పట్టుకోలేకపోయాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది గాని ఒక్క చెమట చుక్క లేదు. ఆసుపత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. కాగితంలో గుండెపోటు అని రాశారు. పోస్టుమార్టం అడగాలని మాకు తెలియలేదు. ఆ ఎండలో ఎంతసేపు ఉంచుతామని సాయంత్రానికే దహనం చేశాము. తరువాత పరిహారం కోసం వెళ్తే ఆధారం లేదని పంపేశారు. మన దేశంలో విపత్తుల జాబితాలో చలిగాలులు ఉన్నాయి గాని వడగాడ్పులు లేవని చదివాను. ఇది నిజమేనా? నిజమైతే కారణం ఏమిటి?

జవాబు 1 (రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవారు)

మీరు చదివినది నిజమే. విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. విపత్తు సహాయ నిధిని ఖర్చు చేయడానికి కేంద్రం గుర్తించిన 12 విపత్తులలో తుపాను, వరద, కరువు, భూకంపం, చలిగాలులు, చివరకు చీడపురుగుల దాడి కూడా ఉన్నాయి. వడగాడ్పులు మాత్రం 2025 నాటికి అందులో చేరలేదు. జాబితాను పెంచమని రాష్ట్రాలు కోరినా, ఉన్నది చాలావరకు సరిపోతుందనే 15వ ఆర్థిక సంఘం భావించింది. వరదకు ఒక తేదీ, ఒక హద్దు ఉంటాయి. ఎండ ప్రతి ఏడూ, సగం దేశానికి ఒకేసారి వస్తుంది కాబట్టి, ఒకసారి ఒప్పుకుంటే ఖర్చుకు అంతు ఉండదన్న భయమే అసలు కారణమని నా అభిప్రాయం.

అయితే రాష్ట్రాలు తమ నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఆ వెసులుబాటుతోనే తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు రూ. 4 లక్షల సాయం నిర్ణయించింది. మరణానికి కారణం వడదెబ్బేనని తేల్చేది తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ వైద్యాధికారి ఉండే మండల కమిటీ. ఆ ముగ్గురూ కాగితం చూసే నిర్ణయిస్తారు గనుక, అధికారులకు కబురు ఆలస్యమైతే కుటుంబం చేతిలో ఏమీ మిగలదు. మీకు జరిగింది అదే.

జవాబు 2 (ప్రభుత్వ వైద్యురాలు)

మీ మేనమామగారి సంగతి చదివి చాలా బాధ కలిగింది. పోస్టుమార్టం చేసినా వడదెబ్బ అని ఖాయంగా చెప్పే ప్రత్యేకమైన గుర్తు శరీరంలో దొరకదు. రోగి ప్రాణంతో ఉన్నప్పుడే జ్వరం చూసి, అది 40 డిగ్రీలు దాటిందని, మనిషికి తెలివి తప్పుతోందని, ఎండలో పనిచేసి వచ్చాడని రాసిపెట్టాలి. ఆ మాటలు కేసు షీటులో లేకపోతే చివరికి మిగిలేది గుండెపోటే. పైగా మూత్రపిండాల జబ్బు, బీపీ ఉన్న పెద్దవారు ఎండ వల్లనే ఇంట్లో మంచం మీద పోతారు, వారిని వడదెబ్బ మృతులని ఎవరూ అనుకోరు.

అందుకే ఒక్కొక్క శవం దగ్గర కారణం వెతకడం కంటే, మొత్తం మరణాలను పోల్చడం మేలు. 2010 మేలో అహ్మదాబాదులో ఎండ 46 డిగ్రీలు దాటినప్పుడు, పరిశోధకులు ఆ నెల మరణాలన్నిటినీ ముందటి ఏడాదులతో పోల్చి, 1,344 మంది అదనంగా చనిపోయారని తేల్చారు. 2013లో ఆ నగరం ఎండల ముప్పును ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళికను అమలులో పెట్టడానికి ఆ విషాదమే దారితీసింది. 2015లో మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు, కాని ఎంతమంది అన్నదానికి ఒక్కొక్క ప్రభుత్వ సంస్థ ఒక్కొక్క అంకె చెబుతుంది.

జవాబు 3 (మచిలీపట్నం)

పరిహారం అవసరమే, కాదనను. అయితే చర్చంతా చావు తరువాతి కాగితం మీదే నడుస్తోంది. మా సముద్రతీరంలో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. 38 డిగ్రీలకే మనిషి సొమ్మసిల్లుతాడు. వడగాడ్పు అని చెప్పడానికి వాతావరణ శాఖ తీరప్రాంతానికి 37 డిగ్రీలు, మైదానానికి 40 డిగ్రీలు అని వేర్వేరు కనీస హద్దులు పెట్టినది ఇందుకే. రాత్రి రేకుల ఇంట్లో పడుకున్నవారికి తెల్లవారేదాకా సెగ తగ్గదు. ఎండను వెనక్కి కొట్టి ఇంటిని చల్లగా ఉంచే పైకప్పుల కోసం తెలంగాణ 2023లో విధానం తెచ్చి, 300 చదరపు కిలోమీటర్ల లక్ష్యం పెట్టుకుంది, అందులో 200 హైదరాబాదుకే. పల్లెలో రేకుల కింద ఉండే కూలీకి అందులో ఎంత వాటా దక్కుతుంది? పని ఆపితే కూలి పోతుంది గనుక, ఎండ తీవ్రంగా ఉన్న రోజుకు సగం కూలైనా ఇచ్చే ఏర్పాటు లేకుండా పనివేళలు మార్చమని చెప్పి ప్రయోజనం లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరమ్మగారు చెప్పినట్టు, మా మండలంలోని పంచాయతీల్లో గడచిన పదేళ్ళ ఏప్రిల్, మే, జూన్ మరణాల నమోదు వివరాలను సమాచార హక్కు కింద అడుగుతున్నాను. అదే దరఖాస్తులో ఆ రోజు పని హాజరు పట్టీ నకలు కూడా అడిగాను. మా మేనమామ హాజరు అందులో ఉంటుంది.