బెంగళూరు సర్కారు హైస్కూల్లో 8వ తరగతి: కన్నడ తప్పదా?

మదనపల్లె నుంచి కె.ఆర్.పురం మారాం. బాబు తెలుగు మీడియం, 8లో చేర్చాలి. తెలుగు తీసుకోవచ్చా? పొద్దున పాలిస్తారట, నిజమేనా?

జవాబు 1:
ఎస్‌ఎస్‌ఎల్‌సీ అంటే ఇక్కడి పదో తరగతి పరీక్ష, 625 మార్కులకు. అందులో ప్రథమ భాషకే 125, మిగతావి తలా 100. ప్రథమ భాషల జాబితాలో తెలుగు ఉంది, కానీ ఆ బడిలో తెలుగు టీచరుండాలి కదండీ. చేర్చే ముందే హెడ్‌మాస్టర్ని అడగండి. లేకపోతే కన్నడే.

జవాబు 2:
కన్నడకు భయపడక్కర్లేదు. లిపి దగ్గరిదే, చిక్కంతా ఆ దగ్గరితనంతోనే. మనం కీ, కే, కో రాస్తే దీర్ఘం అక్షరం నెత్తినే తేలిపోతుంది. కన్నడలో దీర్ఘానికి కుడిపక్కన విడిగా ఒక గుర్తు రావాలి. మన పిల్లలు దాన్ని మర్చిపోతారు, మార్కు పోతుంది. రోజూ పది మాటల డిక్టేషన్ పెట్టి ఆ దీర్ఘపు గుర్తులే దిద్దండి. మాటలకో కిటుకు: మన 'ప' చాలాచోట్ల అక్కడ 'హ'. పాలు హాలు, పులి హులి, పాము హావు. ప్రార్థనలో పాడే నాడగీతె (కర్ణాటక రాష్ట్రగీతం) ముందే నేర్పించండి.

జవాబు 3:
పాలు నిజమే అక్కా, 2013 నుంచీ క్షీరభాగ్య అని బడిపిల్లలకు పాలిచ్చే సర్కారు పథకం ఉంది. తలకు 18 గ్రాముల పొడి, 150 మి.లీ. నీళ్లు. మరిగే నీళ్లలో పొడి ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టి అడుగంటుతుంది. గోరువెచ్చని నీళ్లలో జారుగా కలిపి తర్వాత పొయ్యి మీది గిన్నెలో పోయాలి. 2024 నుంచి కొన్ని రోజులు రాగిమాల్ట్ కూడా. బాబు చేత స్టీలు గ్లాసు పంపండి.