జ్యూస్ బండి ఈగలు: ఆకలా, మత్తా?

జ్యూస్ బండి, విజయనగరం
గంటస్తంభం దగ్గర పదకొండేళ్లుగా జ్యూస్ బండి నడుపుతున్నాను. రాత్రి బండి కట్టేసేటప్పుడు తొక్కల బకెట్ కదిపితే సన్న ఈగలు పొగలా లేస్తాయి. తాజా పండు కోసి పెట్టినా దాని మొహం చూడవు, మగ్గి పులిసిన అరటి మీదే ముసురుతాయి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. "నాన్నా, ఆడ ఈగ కాదంటే మగ ఈగ మందు తాగుతుందట" అంది. నవ్వేశాను గానీ బకెట్ చూసినప్పుడల్లా అదే గుర్తొస్తోంది. నిజమేనా? ఆవగింజంత తలకాయ కూడా లేదు కదా, అందులో ఆకలికో తీగ, మత్తుకో తీగ విడిగా ఉంటాయా?

టెక్కలి కుర్రోడు
అన్నా, మా చిన్నాన్న కల్లు లొట్టి దింపితే మాకంటే ముందు ఈగలే దిగుతాయి. ప్రేమలో దెబ్బతిన్నాయేమో మేం ఎప్పుడూ అడగలేదు.

జీడితోట
అన్నయ్యా, మీ అమ్మాయి చెప్పింది నిజమే. మాది పలాస దగ్గర పల్లె. పిక్క ఒలుచుకుని పారేసిన జీడిపళ్లు తోటలో కుళ్లే వాసన మధ్య పెరిగాను. తర్వాత ఆరేళ్లు ల్యాబ్‌లో ఈ ఈగల్నే సాకాను. డ్రోసోఫిలా అంటారు.

ముందు మీ అరటి సంగతి. ఈగకి పండు కంటే దాని మీద పెరిగే ఈస్టు ముఖ్యం. ఈస్టు ఉన్నచోట ఆల్కహాలు, వెనిగరు వాసన ఉంటుంది. అది వాటికి హోటల్ బోర్డు లాంటిది. ఆల్కహాల్‌ని అరిగించుకునే ఎంజైమూ వాటికుంది.

ఇక ఆ ప్రయోగం. 2012లో గలిత్ షోహత్-ఓఫిర్, ఉల్రైక్ హెబెర్లీన్ బృందం చేసింది. అప్పటికే జతకట్టిన ఆడ ఈగలు మగవాటిని దగ్గరికి రానివ్వవు. వాటితో నాలుగు రోజులు తిరస్కారం తిన్న మగ ఈగల ముందు సన్న గాజు గొట్టాలు పెట్టారు. కొన్నింటిలో మామూలు తిండి, కొన్నింటిలో 15 శాతం ఆల్కహాల్ కలిపిన తిండి. జతకట్టినవాటి కంటే ఇవి ఆల్కహాల్ వైపు ఎక్కువ వెళ్లాయి. వాటి మెదడులో ఎన్‌పీఎఫ్ అనే పదార్థం తగ్గింది. ఎన్‌పీఎఫ్ తయారుచేసే కణాల్ని బయటినుంచి ప్రేరేపిస్తే తాగుడు తగ్గింది. పేపర్లు దీన్ని దేవదాసు కథ చేశాయి. నాకు ఆ గోల నచ్చలేదు, అసలు చిక్కుముడి వేరే ఉంది.

ఇదే ఎన్‌పీఎఫ్ ఆకలికీ గుర్తు. పంచదారతో ఒక వాసనని ముడిపెట్టి నేర్పితే, ఈగ ఆకలిగా ఉన్నప్పుడే ఆ వాసన వెంట పోతుంది. కడుపు నిండిన ఈగలో ఎన్‌పీఎఫ్ కణాల్ని ప్రేరేపిస్తే అదీ ఆకలేసినట్టే వెళ్తుంది. అంటే ఒకచోట ఆకలి రేపుతోంది, ఇంకోచోట మందు దాహం తగ్గిస్తోంది. పదార్థం ఒక్కటే అయినా ఏ కణాలకి అందిందన్న దాన్నిబట్టి పని మారుతుంది.

మీ తీగల ప్రశ్నకి వస్తే, గుమ్మాలు వేరు, నడిమిల్లు ఒకటే. ఈగ కాలితోనూ రుచి చూస్తుంది. ఆకలిగా ఉన్నదాని ముందుకాలికి పంచదార నీటి చుక్క తగిలిస్తే, మడిచి ఉన్న తొండం టక్కున చాపుతుంది. మైక్రోస్కోపు కింద నేను వేలసార్లు చూశాను, ఇప్పటికీ విసుగు రాలేదు. ఆ కబురు లోపలికెళ్లి, డోపమైన్ అనే కబుర్లు మోసే రసాయనాన్ని వదిలే కణాల ద్వారా మష్రూమ్ బాడీ అనే జ్ఞాపకాల భాగానికి చేరుతుంది. ఆల్కహాల్ ఆవిరితో ముడిపడిన వాసన జ్ఞాపకానికీ అదే భాగం, అదే డోపమైన్ కావాలి. తమాషా ఏమిటంటే, అరగంట తర్వాత పరీక్షిస్తే ఈగ ఆ వాసనని తప్పించుకుంటుంది. మర్నాడు అదే వాసన కోసం కరెంటు షాకునైనా దాటుకుని వెళ్తుంది.

ఇదంతా దాదాపు 1,40,000 నాడీకణాల్లో. ఆడ ఈగ మెదడు వైరింగ్ పటం మొత్తం 2024లో వచ్చింది.

బొబ్బిలి మామిడి
ఒక్క మాట బాబూ. మా మామిడి తోటల్లో పండు ఈగ అనేది ఇది కాదు. అది బాక్ట్రోసెరా. కాయ చెట్టుమీద ఉండగానే పొడిచి గుడ్లు పెడుతుంది. దానికి మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర కడతాం. రెంటినీ కలిపేసి మందులు కొనకండి.

జ్యూస్ బండి, విజయనగరం
చెల్లెమ్మా, నిన్న రాత్రి అమ్మాయి రెండు గ్లాసులు పెట్టించింది. ఒకదాంట్లో పంచదార పాకం, ఒకదాంట్లో పులిసిన పైనాపిల్ రసం. పొద్దున్న లెక్కపెడితే పాకంలో మూడు, రసంలో పదిహేడు. వీటిలో మగవెన్నో చూద్దామని భూతద్దం తెచ్చుకుంది.

జీడితోట
పొట్ట చివర నల్లగా, గుండ్రంగా ఉంటే మగది. పాకం మాత్రం రోజూ మార్చమనండి, రెండ్రోజులుంచితే అదీ పులుస్తుంది.