పాత గార్డెన్ ట్రాక్టరులో రెండు గేజీలూ ఎక్కువ చూపిస్తున్నాయి, లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:

నమస్కారం. నా దగ్గర నీటితో చల్లబడే డీజిల్ ఇంజను ఉన్న పాత గార్డెన్ ట్రాక్టరు ఉంది. కొంతకాలంగా ట్యాంకులో డీజిల్ సగమే ఉన్నా ఇంధన గేజీ ముల్లు దాదాపు నిండుగా చూపిస్తోంది. తాళం తిప్పగానే ముల్లు గబుక్కున లేవదు, మెల్లగా పైకి పాకుతుంది. ఇంజను నడుస్తూ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు ఇంకాస్త పైకి జరుగుతుంది. ట్యాంకులోని సెండర్‌ను (డీజిల్ మట్టాన్ని బట్టి రెసిస్టెన్స్ మారుస్తూ గేజీకి తెలిపే భాగం) బయటికి తీసి మల్టీమీటరు పెట్టి చూశాను. ఫ్లోటును అడుగు నుంచి పైకి లేపుతున్నంతసేపూ రెసిస్టెన్స్ ఎక్కడా తెగకుండా 240 ఓమ్‌ల నుంచి 33 ఓమ్‌ల దాకా సాఫీగా తగ్గింది. ఇప్పుడు పక్కనున్న ఉష్ణోగ్రత గేజీ ముల్లు కూడా ఎర్రగీత దగ్గరికి వెళుతోంది, అయితే రేడియేటరు పొంగడం లేదు. రెండు గేజీలూ మార్చవలసిందేనా?

మొదటి సమాధానం:

అప్పుడే గేజీలు కొనకండి. వేర్వేరు సెండర్లున్న రెండు గేజీలు ఒకే వైపుకు తప్పు చూపిస్తున్నాయంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే ముందు అనుమానించాలి. మీ ముల్లు మెల్లగా కదులుతోందని రాశారు కాబట్టి అవి బైమెటల్ గేజీలు అయి ఉండాలి: లోపలి చిన్న తీగచుట్ట వేడెక్కి, రెండు లోహాలు కలిపిన పట్టీని వంచితే ముల్లు కదులుతుంది. బ్యాటరీ వోల్టేజీ మారినప్పుడల్లా ముల్లు మారిపోకుండా, ఇలాంటి గేజీల ముందు వోల్టేజీ స్టెబిలైజర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. అది కరెంటును ఆపుతూ వదులుతూ సగటున 10 వోల్టులు అందిస్తుంది. తీగచుట్టలో పుట్టే వేడి వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, 10 వోల్టులకు బదులు 14 వోల్టులు నేరుగా చేరితే వేడి దాదాపు రెట్టింపవుతుంది. చార్జింగ్ మొదలయ్యాక ముల్లు ఇంకా పైకి పోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

తాళం ఆన్‌లో ఉంచి, స్టెబిలైజర్ నుంచి గేజీలకు వెళ్లే టెర్మినల్‌కూ ఎర్త్‌కూ (అంటే బండి ఛాసిస్‌కూ) మధ్య 12 వోల్టుల చిన్న బల్బు పెట్టండి. బల్బు మినుకుమినుకుమంటే స్టెబిలైజర్ పని చేస్తున్నట్టే. డిజిటల్ మీటరులో అంకెలు ఎగిరెగిరి పడతాయి కాబట్టి ఇక్కడ బల్బే నమ్మకమైనది. ఆగకుండా వెలుగుతూనే ఉంటే, ఒక వైరుతో స్టెబిలైజర్ డబ్బాను బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు కలపండి. అప్పుడు బల్బు మినుకుమనడం మొదలై, ముళ్లు కిందికి దిగితే లోపం ఎర్త్‌లోనే ఉంది. ఏ మార్పూ లేకపోతే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి, స్టెబిలైజర్ మార్చాలి.

రెండో సమాధానం:

పైవారు చెప్పిన కారణం నాకూ సరిగానే కనిపిస్తోంది, కానీ పరీక్షల వరుస మార్చమని గట్టిగా కోరుతున్నాను. ఉష్ణోగ్రత గేజీ ఎర్రగీత దగ్గర ఉన్నప్పుడు, అది అబద్ధమని తేలేవరకు నిజమనే అనుకోవాలి. ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటరు మూత తీసి నీటి మట్టం చూడండి, ఫ్యాన్ బెల్టు బిగువు చూడండి. గడ్డి కోసే బండ్లలో రేడియేటరు రెక్కల సందులు ఎండుగడ్డి తునకలతో నిండిపోవడం చాలా మామూలు. తరువాత ఇంజను కాసేపు నడిపి, థర్మోస్టాట్ ఉన్న చోట ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో వేడి కొలవండి. మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది కాబట్టి, అక్కడ నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవడం మేలు.

ఉష్ణోగ్రత సెండర్ వైరు ఊడదీస్తే ముల్లు చల్లని వైపుకు దిగాలి. దిగకపోతే ఆ వైరు ఎక్కడో ఒరుసుకుని ఛాసిస్‌కు తగులుతోంది. ఆ వైరును ఎర్త్‌కు తాకించి చూడదలిస్తే క్షణం చాలు, ఎక్కువసేపు ఉంచితే గేజీ తీగచుట్ట కాలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా వేడి కొలిచాను, థర్మోస్టాట్ దగ్గర 84 డిగ్రీలు వచ్చింది, నీటి మట్టమూ సరిగానే ఉంది. బల్బు ఆగకుండా వెలిగింది; డబ్బాకు విడిగా ఎర్త్ వైరు కలపగానే మినుకుమనడం మొదలై, రెండు ముళ్లూ మెల్లగా దిగాయి. డబ్బాను పట్టి ఉంచే స్క్రూ విప్పి చూస్తే, దాని చెవి కింద తుప్పు పొడిలా రాలింది, ప్యానెల్ మీద రంగు పొర కూడా ఉంది. రెండింటినీ మెరిసేదాకా గీకి, పళ్లున్న వాషర్ వేసి బిగించాను. ఇప్పుడు సగం ట్యాంకుకు ముల్లు సగం దగ్గరే నిలుస్తోంది. ముందుజాగ్రత్తగా ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్ వేయవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

వేయవచ్చు, కానీ ఇప్పుడున్నది మినుకుమంటున్నంతకాలం అవసరం లేదు. ఎప్పుడైనా వేయవలసివస్తే, ముందు మీ ట్రాక్టరులో బ్యాటరీ నెగటివ్ వైపు ఎర్త్ అయిందో, పాజిటివ్ వైపు అయిందో చూసుకోండి. పాత బైమెటల్ డబ్బాకు ఆ తేడా పట్టదు. 7810 వంటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటరును మాత్రం పాజిటివ్ ఎర్త్ బండిలో అలాగే కలపకూడదు.