శాన్‌ఫ్రాన్సిస్కో–టోక్యో: పోయేటప్పుడు 11 గంటలు, వచ్చేటప్పుడు 9 గంటలేనా?

కిటికీసీటు:
జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి టోక్యో వెళ్తున్నాను. టికెట్‌లో వెళ్లడానికి 11 గంటలు, రావడానికి తొమ్మిదింపావు అని ఉంది. దూరం 8,270 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అటైనా ఇటైనా అంతే కదా, మరి రెండు గంటల తేడా ఏంటి? పైగా ఆదివారం సాయంత్రం 5కి టోక్యోలో ఎక్కి అదే ఆదివారం ఉదయం 9:15కి దిగుతానట. టికెట్‌లోనే తప్పు పడిందా? భూమి తిరగడం వల్ల అంటున్నాడు ఒక ఫ్రెండ్.

మబ్బుచాటు:
టికెట్ కరెక్టే, మీ ఫ్రెండే తప్పు. భూమితోపాటు గాలీ తిరుగుతుంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. ఆయన చెప్పిందే నిజమైతే టోక్యోనే మీకు ఎదురొచ్చేది, పోవడమే తొందరగా అయ్యేది.
అసలు కారణం జెట్ స్ట్రీమ్. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే గాలి, చలికాలంలో జపాన్ మీద ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. దారి పొడవునా సగటున 100 అనుకుని లెక్కేయండి: ఎదురుగాలిలో విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు కాస్తా 800 అవుతుంది, అంటే 10 గంటల 20 నిమిషాలు. వెనక నుంచి తోస్తే 1000, ఎనిమిదింపావు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కలిపితే మీ టికెట్‌లోని అంకెలే వస్తాయి.

పాతపటం:
ఈ గాలిని ముందుగా పట్టుకున్నదీ ఒక జపాన్ ఆయనే, ఒయిషి వసాబురో. 1920లలో బెలూన్లు వదిలి కొలిచాడు, కానీ 1926లో ఆ రిపోర్టును ఎస్పెరాంతోలో, అంటే అన్ని దేశాలకీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో, రాశాడు, ఇంక ఎవరు చదువుతారు చెప్పండి.
సీటు ముందు స్క్రీన్‌లో విమానం అలాస్కా వైపు వంగినట్టు కనిపిస్తే కంగారు పడకండి, గుండ్రటి భూమి మీద అదే దగ్గర దారి. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసినట్టు పోతే 400 కిలోమీటర్ల పైనే ఎక్కువవుతుంది. పోయేటప్పుడు ఎదురుగాలిని తప్పించుకోవడానికి ఇంకా ఉత్తరంగా పోవడం కూడా మామూలే.

కిటికీసీటు:
గాలి సంగతి అర్థమైంది, థాంక్స్. మరి ఎక్కిన టైమ్ కంటే ముందే దిగడం?

మబ్బుచాటు:
చలికాలంలో టోక్యో 17 గంటలు ముందుంటుంది. మీరు దిగేసరికి అక్కడ సోమవారం తెల్లవారుజాము 2:15, అందులోంచి 17 తీసేయండి, ఆదివారం ఉదయం 9:15. మధ్యలో దాటే డేట్ లైన్ (పసిఫిక్ మీద తేదీ మారే ఊహారేఖ) మహిమ అది. పోయేటప్పుడు మాత్రం ఒక రోజు ఎగిరిపోతుంది: సోమవారం ఉదయం 11కి బయల్దేరితే మంగళవారం మధ్యాహ్నం 3కి దిగుతారు. నేను మొదటిసారి అది చూసుకోక సోమవారం రాత్రికే హోటల్ బుక్ చేశాను, ఆ రాత్రి డబ్బులు ఉత్తినే పోయాయి.

కిటికీసీటు:
అయ్యో, నేనూ సోమవారానికే చేశాను! ఇప్పుడే మార్చుకుంటా.