1950ల డ్రెస్ ప్యాటర్న్: ‘ఎ’ మెడకు ‘బి’ చేతులు పెట్టొచ్చా?

గుండుసూది:
1950ల తొలినాళ్ల అమెరికన్ ప్యాటర్న్ (బట్ట కట్ చేసుకునే కాగితపు ముక్కల సెట్), ఛాతీ 34, నడుము 28 ఇంచులు. అందులో ‘ఎ’, ‘బి’ అని రెండు మోడళ్లున్నాయి. ‘ఎ’లో వెడల్పు మెడ, చేతుల్లేవు, ఫుల్ సర్కిల్ స్కర్టు. ‘బి’లో కాలరు, పొట్టి చేతులు, బిగువు స్కర్టు. ‘ఎ’ డ్రెస్‌కే ‘బి’ చేతులు కుట్టేస్తే సరిపోతుందా? బట్ట అంచున్న మంగళగిరి కాటన్, పన్నా 44.

దారపుండ:
ముందు ప్యాటర్న్‌తో వచ్చిన కాగితంలో ముక్కల నంబర్లు చూడండి. రెండింటికీ బాడీ (నడుము పై భాగం) నంబరు ఒకటే అయితే చిక్కు లేదు. వేరైతే ‘ఎ’ బాడీకి చేతులు అతికించకండి. చేతుల్లేని డ్రెస్‌కి చంక పైకి, బిగువుగా కట్ చేస్తారు. ‘బి’ చెయ్యి అందులో ఇమడదు. పైన ముడతలు, కింద పట్టేయడం.

‘బి’ బాడీ మీద ‘ఎ’ బాడీని పరిచి, మధ్య గీతా నడుము గీతా కలిపి, మెడ గీత ఒక్కటే దించుకోండి. వెనక ముక్కకీ అంతే. భుజం కుట్టు దగ్గర ముందూ వెనకా మెడ కలుస్తోందో లేదో చూశాకే, ఆ కొత్త మెడ నుంచి ఫేసింగ్ (మెడ లోపలివైపు వేసే పట్టీ) గీయండి. చెయ్యి పైగుండ్రం చంక కన్నా 1 నుంచి 1½ ఇంచు ఎక్కువుండొచ్చు. కొలత కుట్టు గీత మీదే తీయాలి, అంచు మీద కాదు.

కత్తెరమ్మ:
సర్కిల్‌కి రేడియస్ 28 ÷ 6.28, అంటే సుమారు 4½. అది కుట్టు గీత. కుట్టుకు వదిలే ⅝ తీసేసి 3⅞ దగ్గర కట్ చేయాలి. ఇది మరిచిపోతే నడుము దాదాపు 4 ఇంచులు వదులైపోతుంది. పొడవు 27 అనుకుంటే నాలుగు ముక్కలకు స్కర్టుకే 3.3 మీటర్లు. పైగా మీ అంచు ఇందులో వృథా: తిన్నటి అంచు గుండ్రటి ఘేరు వెంట తిరగదు.

గుండుసూది:
అంచు వదులుకోలేనండి. కుచ్చులు పెడితే?

కత్తెరమ్మ:
అదే మేలు. 2 మీటర్ల బట్టను అడ్డంగా తిప్పి, అంచు కిందికి వచ్చేలా 28 ఇంచుల పట్టీ తీయండి. చుట్టుకొలత 78, అంటే నడుముకు రెండున్నర రెట్లు పైనే. కింద మడవక్కర్లేదు. మిగిలిన 16 ఇంచుల్లో చేతులు వస్తాయి. కుచ్చులకు నడుము వైపు కట్ చేసిన చోటి నుంచి ½, ¾ ఇంచుల దగ్గర రెండు వరసలు పెద్ద కుట్టు వేసి లాగండి. ఒక్క వరసైతే కుచ్చులు ఒకపక్కకి పోగవుతాయి.

దారపుండ:
జిప్పు సంగతి కూడా. ఈ కాలపు డ్రెస్‌లకి చాలావాటికి అది ఎడమ పక్కన ఉంటుంది. చేతులుంటే జిప్పు చంకకు కాస్త కిందే ఆగాలి. అప్పుడు డ్రెస్ తల మీంచి దిగేంత మెడ ఉందో లేదో పాత బట్ట మీద చూసుకోండి. లేకపోతే జిప్పు వెనక్కి మార్చండి.