దుశ్శాలువాలో ఈ 'దుశ్' ఏంది?

సిరొంచ నుంచి:
మా బడిల సార్ రిటైర్మెంట్ ఉన్నది, మాది మహారాష్ట్ర కద, కార్డు రెండు భాషలల్ల కొట్టిస్తున్నం. మరాఠీల "శాల్, శ్రీఫళ్" అని సాఫ్‌గ ఉంది, తెలుగుల "దుశ్శాలువాతో సన్మానం" అని రాసిన్రు. దుశ్చర్య, దుశ్శకునం లెక్క ఇదేం దుశ్? సార్‌కు చెడ్డ శాలువా కప్పుతున్నమా? ప్రూఫ్ చూసే మేడం ఆ దుశ్ తీసేయమంటున్నది.

అహేరి నుంచి:
తీసేయకున్రి. అది సంస్కృతం దుస్ కాదు, ఫారసీ 'దో', అంటే రెండు. దోశాలా, హిందీల దుశాలా. మన దగ్గరికొచ్చి దుశ్శాసనుడి తోవ పట్టింది, ఇంకో శ తగిలించుకున్నది. ఆయన బట్ట గుంజినోడు, ఇది కప్పేది, అంతే తేడా 😀

రెండెందుకంటే కాశ్మీర్‌ల శాలువాలు జతలుగ నేసేటోళ్లు. అక్బర్ రెండేసి కప్పుకునుడు మొదలువెట్టిండని ఆయన కొలువుల ఉన్న అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీ పుస్తకంల రాసిండు. 1846 అమృత్‌సర్ ఒప్పందంల అయితే జమ్ము రాజు గులాబ్ సింగ్ ఏటేటా బ్రిటిషోళ్లకు ఒక గుర్రం, 12 శాలువా మేకలు (ఆరు పోతులు, ఆరు ఆడవి), మూడు జతల శాలువాలు ఇయ్యాలె అని ఉంది. మూడు శాలువాలు కాదు, మూడు జతలు. అంత పెద్ద కాశ్మీర్ రాజ్యం బ్రిటిషోళ్ల నుంచి ఆయన చేతికి మారే కాయితంల మేకపోతుల లెక్క ఉండుడు చూస్తె నాకైతె నవ్వాగదు.

సిరొంచ నుంచి:
అన్నా, మేకలా? గొర్రెలు కాదా?

అహేరి నుంచి:
మేకలే తమ్మీ. అవి కాశ్మీర్ లోయలయి గుడ కాదు, లడఖ్‌ల చాంగ్‌తాంగ్ అని 4000 మీటర్లు దాటిన ఎత్తు, చలికాలం సున్నాకు కింద 30 డిగ్రీల దాకా పోతది. ఆ చలికి మేకకు పైన మొరటు బొచ్చు ఉండంగనే దాని కింద ఇంకో సన్నటి నూగు మొలుస్తది. చలి తగ్గినంక అది దానంతట అదే ఊడుతుంటె చాంగ్‌పా కాపరులు దువ్వెనతోని దువ్వి తీస్తరు. మన గొంగడికి గొర్రె బొచ్చు కత్తిరించినట్టు కాదు. మొరటు వెంట్రుకలు ఏరి పారేస్తె మేకకు ఏడాదికి పావు కిలో గుడ మిగలదు. పోగు 12 నుంచి 15 మైక్రాన్లే ఉంటది, మన తలవెంట్రుక 70 దాకా ఉంటది, ఇగ చూస్కో. దాన్ని శ్రీనగర్‌ల ఆడోళ్లు రాట్నం మీద చేత్తోనే వడుకుతరు. మగ్గం ఉన్న ఊరి పేరే సరుక్కు వచ్చింది, కాష్మీర్ ఉన్ని అంటె కాశ్మీర్‌కు ఇంగ్లీషోళ్ల పాత స్పెల్లింగే. పోచంపల్లి చీరకు పట్టు బెంగళూరు దిక్కు నుంచి వచ్చినట్టే.

ఇప్పుడు ఎక్కువ సరుకు చైనా, మంగోలియాలదే.

కిన్వట్ నుంచి:
మరి సన్మానాలల్ల కప్పేటియి? కవర్ మీద "ప్యూర్ పష్మీనా" అనే ఉంటది కద.

అహేరి నుంచి:
ఫారసీల పష్మ్ అంటె ఉన్ని, పష్మీనా అంటె ఉన్నితోని చేసింది, అంతే. సన్మానాల శాలువాలల్ల చానావాటికి ఆ ఉన్ని గుడ ఉండదు లెండి. అంచు కుచ్చుల కెల్లి ఒక్క పోగు గుంజి అగ్గిపుల్ల పెట్టున్రి. ఉన్నయితె వెంట్రుక కాలిన వాసన వస్తది, బూడిద వేళ్ల మధ్య నలుపుతె పొడైతది. అక్రిలిక్ అయితె కరిగి నల్ల పూసలెక్క గట్టిపడుతది. ఉంగరంల నుంచి దూరుతదని దుకాణపోళ్లు చూపెట్టే ఆటను నమ్మకున్రి, పట్టు గుడ దూరుతది.

దెగ్లూర్ నుంచి:
మరాఠీల 'శాల్' ఒక్కటే కాదు, 'శాల్‌జోడీ' అని గుడ ఉంది, మీరన్న జతనే. మా దిక్కు ఎవలన్న మర్యాదగ నవ్వుకుంట చురక అంటిస్తె "శాల్‌జోడీతలా" అంటరు, అంటె శాలువా జతల చుట్టి కొట్టిన దెబ్బ. తెలుగుల దుశ్శాలువాకు ఇట్లాంటి నుడికారం ఏమన్న ఉన్నదా?

అహేరి నుంచి:
నేనైతె వినలే. కని మన సభలల్ల కప్పే తీరు చూస్తె ఉండాల్సిందే 😀