ఎండకు కమిలి భుజాలు బొబ్బలెక్కాయి: ఇంట్లో ఏం చేయాలి, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మా తమ్ముడికి 19 ఏళ్లు. నిన్న స్నేహితులతో గోపాలపూర్ వెళ్లి, ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు దాకా చొక్కా లేకుండా సముద్రంలోనే గడిపాడు. మబ్బు పట్టి ఉందనీ, గాలి చల్లగా వీస్తోందనీ ఎవరూ ఎండను లెక్కచేయలేదట. రాత్రి ఇల్లు చేరేసరికి వీపు పైభాగం ఎర్రబడి ఉంది. ఈ ఉదయం చూస్తే రెండు భుజాల మీదా నీటి బొబ్బలు లేచాయి. ఎడమ భుజం మీదిది నిమ్మకాయంత ఉంది, అందులో నీరు తేటగా కనిపిస్తోంది, మిగతావి శనగగింజలంత. మెడలో గొలుసు ఆనుకున్న చోట మాత్రం సన్నని గీతలా మామూలు రంగు మిగిలింది. మా నాయనమ్మ కొబ్బరినూనెలో పసుపు రంగరించి పూస్తానంటోంది, పక్కింటివారు టూత్‌పేస్టు మంచిదంటున్నారు, వాడి స్నేహితుడేమో పఖాళ (నీళ్లలో పులిసిన చద్దన్నం) మీది తొరాణి నీళ్లు పోస్తే మంట లాగేస్తుందని చెప్పాడు. జ్వరం 100 డిగ్రీలు ఉంది. అన్నం ముట్టలేదు గానీ మజ్జిగ తాగుతున్నాడు. ఇంట్లోనే చూసుకోవచ్చా, లేక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలా, తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (బరంపురం నుంచి, మందుల దుకాణంలో చాలా ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేశాను)

ముందుగా నాయనమ్మగారిని ఆపండి. నూనె, పసుపు, టూత్‌పేస్టు, వెన్న ఏదీ వద్దు. నూనె పొర వేడిని చర్మంలోనే నిలిపేస్తుంది, పైగా బొబ్బ చిట్లితే ఆ పసుపంతా పచ్చిపుండులోకి చేరుతుంది, రేపు డాక్టరు చూడాలన్నా రంగు కింద చర్మం కనిపించదు. తొరాణి తాగడానికి మంచిదే, ఒంటికి కావలసిన నీరూ ఉప్పూ రెండూ దొరుకుతాయి. పుండు మీద మాత్రం పులిసిన నీళ్లు పోయకూడదు.

కుండనీళ్లంత చల్లని శుభ్రమైన నీటిలో మెత్తటి నూలుగుడ్డ ముంచి, పిండి, భుజాల మీద పది పదిహేను నిమిషాలు పరిచి ఉంచండి, రోజులో నాలుగైదుసార్లు ఇలా చేయండి. మంచుముక్కలు పెట్టవద్దు, అప్పటికే దెబ్బతిన్న చర్మం వాటి వల్ల మరింత పాడవుతుంది. మంటకూ జ్వరానికీ పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి లేదా రెండు, ఆరేసి గంటల ఎడంతో, రోజుకు నాలుగు గ్రాములు దాటకుండా వేయవచ్చు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు కలిసి ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేయకండి. ఐబూప్రొఫెన్ వాపును తగ్గిస్తుంది గానీ, ఒంట్లో నీరు తగ్గినవారికీ, కడుపులో పుండు లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ అది మంచిది కాదు. ఓఆర్ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో చదివి అన్నే పోయండి. లీటరు నీటికి ఉద్దేశించిన ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలిపేవారిని నేను దుకాణంలో చాలామందిని చూశాను.

మబ్బు ఉన్నా ఒళ్లు కమలడానికి కారణం, కాల్చేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. పలుచని మబ్బును అవి సులువుగా దాటి వస్తాయి, పొడి ఇసుక వాటిలో దాదాపు 15 శాతాన్నీ, సముద్రపు నురుగు 25 శాతాన్నీ తిరిగి మన మీదికే పంపుతాయి. తడి ఒంటికి గాలి తగులుతుంటే మంట తెలియదు. ఎరుపు, నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలై ఒక రోజుకు ముదురుతాయి.

జవాబు (రాయగడ నుంచి)

మా ఇంట్లో ఇలాంటిది జరిగినప్పుడు సూదిని దీపం మీద కాల్చి, పెద్ద బొబ్బను గుచ్చి నీరు తీసేశాము, రెండు రోజుల్లో ఆరిపోయింది. నిమ్మకాయంత బొబ్బ ఎలాగూ నిద్రలో ఒత్తిడికి చిట్లుతుంది కదా, ముందే తీసేస్తే నయం అనుకుంటాను.

జవాబు (బరంపురం)

మీకు మేలే జరిగి ఉండవచ్చు, అయినా దాన్ని నేను సలహాగా ఒప్పుకోలేను. బొబ్బ మీది పలుచని పొరే ఆ పుండుకు కట్టు. అది ఉన్నంతసేపు కింద కొత్త చర్మం క్రిములకు దూరంగా పెరుగుతుంది. మరీ బిగిసిన పెద్ద బొబ్బను డాక్టర్లు తీసే సందర్భాలు ఉన్నాయి, కాని అది శుద్ధి చేసిన పరికరాలతో చేసే పని. తానంతట అది చిట్లితే మాత్రం, తక్కువ ఘాటున్న సబ్బుతో, నీటితో మెల్లగా కడిగి, వేలాడే పొరను పీకకుండా, పలుచగా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని గాజుగుడ్డ వదులుగా కట్టండి. దూది నేరుగా పెడితే పోగులు పుండులో ఇరుక్కుంటాయి. చివరి ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో కూడా గుర్తుచేసుకోండి.

ఆసుపత్రి సంగతికి వస్తే, రెండు భుజాల మీదా బొబ్బలున్నాయి, అందులో ఒకటి పెద్దది, కాబట్టి ఈ రోజే ఒకసారి డాక్టరుకు చూపించడం మంచిదని నా అభిప్రాయం. జ్వరం 103 డిగ్రీలు దాటినా, వణుకు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం, మాట తడబడటం వంటివి కనిపించినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా ఇక ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి, అది వడదెబ్బ కూడా కావచ్చు. ముఖం, చేతులు, మర్మావయవాల మీద బొబ్బలు లేచినా, కళ్లు నొప్పి పెట్టినా అంతే. ఏడాదిలోపు పసిపిల్లలకైతే ఒళ్లు ఎర్రబడినా చూపించాలి. తర్వాతి రోజుల్లో బొబ్బలోని తేట నీరు చిక్కబడి చీము పట్టినా, చుట్టూ ఎరుపు పెరుగుతున్నా, ఎర్రని చారలు పాకినా మళ్లీ వెళ్లాలి. మీకు పర్లాకిమిడిలో జిల్లా ఆసుపత్రి ఉంది. అంతకు మించి కావాలంటే మీ మహారాజా కృష్ణచంద్ర గజపతిగారి పేరు మీద ఉన్న వైద్య కళాశాల ఆసుపత్రి మా ఊళ్లోనే ఉంది.

జవాబు (గుణుపురం నుంచి)

ఒక్క మాట అడుగుతాను. ఐదుగురో ఆరుగురో కలిసి వెళ్లి ఉంటారు కదా, మిగతావారికి ఒళ్లు ఎర్రబడటంతో సరిపోయి మీ తమ్ముడికి మాత్రమే బొబ్బలు లేచాయా? అలాగైతే అతను ఏవైనా మందులు వాడుతున్నాడేమో చూడండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకునేవారికి కొద్ది ఎండకే చర్మం తీవ్రంగా కమిలిపోతుంది. రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయజైడ్‌కూ ఆ గుణం ఉంది. మా వైపు చిగ్గర పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి డాక్సీసైక్లిన్ రాస్తారు, కోర్సు పూర్తికాకముందే మనుషులు పొలానికి వెళ్లిపోతారు, అందుకే అడిగాను.

ప్రశ్న అడిగినవారు

మీరు అడిగాక వాడి సంచీ వెతికాను. మొటిమలకు డాక్టరు రాసిన డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల స్ట్రిప్పు దొరికింది, మూడు వారాలుగా రోజూ వేసుకుంటున్నాడు. స్నేహితుల్లో ఇంకెవరికీ బొబ్బలు రాలేదు. ఆ స్ట్రిప్పు పట్టుకుని మధ్యాహ్నం జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాను. బొబ్బలను కదిలించకుండా వదులుగా కట్టు కట్టి, ఆ మాత్రను ప్రస్తుతానికి ఆపమన్నారు, మొటిమల డాక్టరును కలిసి వేరే మందు అడగమన్నారు.

ఇవాళ నాలుగో రోజు. జ్వరం రెండో రోజే తగ్గింది. పెద్ద బొబ్బ నిన్న రాత్రి దానంతట అదే చిట్లింది, మీరు చెప్పినట్టే కడిగి జెల్లీ రాసి గాజుగుడ్డ మార్చాను. కింద చర్మం గులాబీ రంగులో ఉంది, చీము లేదు. బోర్లా పడుకోవడం వల్ల మెడ పట్టేసిందని గొణుగుతున్నాడు. నాయనమ్మ మాత్రం పసుపు గిన్నె ఇంకా గూట్లోంచి తీయలేదు.